అనుమానం వస్తే ఎవరికి రాయాలి? తెలుగు ప్రచురణకర్తలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రచురణకర్తలకు, సంపాదకులకు,

నమస్కారం.

పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం నా వృత్తి. మీలో కొందరి పుస్తకాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి రాయడానికి కారణం ఒకటే. అచ్చయిన పుస్తకంలో ఇంకొకరి రాత ఉందని అనుమానం వచ్చిన పాఠకుడు ఎవరికి చెప్పుకోవాలో, చెప్పుకుంటే ఏం జరుగుతుందో మన దగ్గర ఎవరికీ తెలియదు. రచయితకు ఫోన్ చేస్తే కోపం వస్తుంది. ప్రచురణకర్తకు ఫోన్ చేస్తే "రచయితనే అడగండి" అంటారు. ఫేస్‌బుక్‌లో పెడితే రెండు రోజులు రచ్చ నడుస్తుంది, మూడో రోజు అందరూ మర్చిపోతారు. పుస్తకం మాత్రం అలాగే అమ్ముడవుతూ ఉంటుంది. కోర్టుల కన్నా ముందు దీన్ని మార్చగలిగింది మీరే. అందుకే మీకు రాస్తున్నాను.

మొదట నాకు ఎదురైన సంగతి చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పను. ఒకరిని నలుగురిలో నిలబెట్టడం ఈ ఉత్తరం ఉద్దేశం కాదు.

కోస్తాలో ఒక ప్రాంతపు గ్రామ చరిత్రల పుస్తకం రెండో ముద్రణకు ప్రూఫులు చూడమని నా దగ్గరికి వచ్చింది. చదువుతుంటే ఎక్కడో చదివిన వాక్యాల్లా అనిపించాయి. ఆ ప్రాంతంలోనే పనిచేసిన ఒక మాస్టారు, రిటైరయ్యాక సొంత డబ్బుతో 1980లలో వేయించుకున్న చిన్న పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది. తీసి పక్కన పెట్టుకున్నాను. ఒక గుడి శాసనం గురించి మాస్టారు రాస్తూ, శక సంవత్సరం 1172, అంటే క్రీ.శ. 1260 అన్నారు. శక సంవత్సరానికి 78 కలిపితే 1250 వస్తుంది. అది మాస్టారి లెక్క తప్పో, కంపోజింగ్‌లో జరిగిన తప్పో ఇప్పుడు తేల్చలేం. కొత్త పుస్తకంలోనూ శకం 1172, క్రీ.శ. 1260 అనే ఉంది. శాసనం స్వయంగా చదివినవాళ్లు, కనీసం లెక్క స్వయంగా వేసుకున్నవాళ్లు సరిగ్గా అదే తప్పు చేయడం చాలా అరుదు.

ఇంకో పేజీలో, "నా చిన్నతనంలో ఈ చెరువు గట్టున పెద్ద తాటితోపు ఉండేది, ముంజల కాలంలో బడి ఎగ్గొట్టి అక్కడే ఉండేవాళ్లం" అని ఉంది. కొత్త రచయిత పుట్టింది, పెరిగింది వేరే జిల్లాలో. పుస్తకం వెనక అట్ట మీద ఆయనే ఆ మాట రాసుకున్నారు. శాసనాలు ఎవరైనా చూడొచ్చు, లెక్కలు ఎవరైనా వేయొచ్చు. కానీ మాస్టారి చిన్నతనం మాస్టారిదే. ఆ పేజీ దగ్గర నాకు చాలా బాధ కలిగింది.

ప్రచురణకర్తకు వెంటనే చెప్పాను. ఆయన చెడ్డవారు కారు. పుస్తకాలంటే ప్రేమతోనే ఈ పనిలోకి వచ్చారు. "అయ్యో, అలాగా" అన్నారు. "కానీ ఆవిష్కరణ తేదీ పెట్టేశామండీ, కార్డులు కూడా కొట్టించాం" అన్నారు. రచయితను అడిగితే, "చరిత్ర ఎవరి సొత్తండీ, అందరూ ముందువాళ్లవి చూసే రాస్తారు" అన్నారట. నేను ప్రూఫులు వెనక్కి ఇచ్చేశాను. పుస్తకం అనుకున్న తేదీకే వచ్చింది. మాస్టారి అబ్బాయిని కనుక్కుని విషయం చెబితే, "పోనీలెండి, నాన్నగారు పోయి చాలా కాలమైంది, ఇప్పుడు గొడవలెందుకు" అన్నారు. ఆ మాటలో ఉన్న నిస్సహాయత మీకూ తెలిసే ఉంటుంది. ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం చేసుకునే మనిషి, తండ్రి పుస్తకం కోసం లాయర్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగగలడా?

"అందరూ ముందువాళ్లవి చూసే రాస్తారు" అన్న మాటను కొట్టిపారేయకూడదు. అందులో కొంత నిజం ఉంది. గ్రామ చరిత్రల సంగతే తీసుకోండి. మన ఊళ్ల చరిత్ర రాసే ఎవరైనా కైఫియత్తుల దగ్గరికి, అంటే ఊరూరి పాత వివరాలు రాసి ఉంచిన రికార్డుల దగ్గరికి, వెళ్లాల్సిందే. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగువాళ్లు ఊరూరా తిరిగి, కరణాల దగ్గర కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) చూసి రాయించినవి అవి. ఇద్దరు రచయితలు ఒకే కైఫియత్తు చూసి రాస్తే వాక్యాలు కలవడం సహజం. అలాంటప్పుడు ఒకరిది ఇంకొకరు కాపీ కొట్టారనలేం. అందుకే నేను ఆ రెండు పుస్తకాలూ పోల్చినప్పుడు కైఫియత్తుల నుంచి, శాసన పాఠాల నుంచి వచ్చిన భాగాలన్నీ ముందే పక్కన పెట్టేశాను. మాస్టారు తనంతట తాను చెప్పినవి, తన కళ్లతో చూసినవి, తన పద్ధతిలో విడదీసి వివరించినవి మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను. అవి పేజీలకు పేజీలు అలాగే ఉన్నాయి.

చట్టం కూడా ఈ తేడానే చూస్తుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఒక నాటకానికీ ఒక హిందీ సినిమాకూ ఉన్న పోలికల మీద తీర్పు ఇచ్చింది. ఆలోచన మీద, ఇతివృత్తం మీద, చారిత్రక విషయం మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుందని తేల్చింది. రెండూ చదివిన, లేదా చూసిన మామూలు మనిషికి రెండోది మొదటిదాని నకలే అన్న అభిప్రాయం తప్పనిసరిగా కలిగితే అది ఉల్లంఘన అంది. ఆ కేసులో నాటక రచయిత ఓడిపోయారు. ఇతివృత్తం కలిసినా, సినిమాలో దాన్ని నడిపిన తీరు వేరని కోర్టు భావించింది. కాబట్టి "నా కథ లాగే ఉంది" అన్నంత మాత్రాన చాలదు. అనుమానించే పాఠకులం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అనుమానం వచ్చిన పాఠకుడు చేయాల్సిన పని చాలానే ఉంది. దాన్ని దాటేసి నేరుగా మీ మీద పడితే అది న్యాయం కాదు. మొదట ఏ పుస్తకం ముందు వచ్చిందో తేల్చుకోవాలి. ఇది వినడానికి తేలిక, తెలుగులో మాత్రం కష్టం. మన నవలలు చాలావరకు ముందు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చాయి. పుస్తకంగా కొన్నేళ్ల తర్వాత వచ్చాయి. ప్రచురణ వివరాలుండే ఇన్నర్ పేజీలో ఉన్న "ప్రథమ ముద్రణ" సంవత్సరం మాత్రమే చూసి ఎవరు ముందో నిర్ణయిస్తే, అసలు రచయితనే దొంగను చేసే ప్రమాదం ఉంది. పాత పత్రిక వెతకాలి. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పత్రికలు చూడొచ్చు, వేటపాలెం సారస్వత నికేతనం లాంటి పాత గ్రంథాలయాలకు వెళ్లి బైండు చేసిన సంచికలు తిరగేయొచ్చు. అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా వంటి గ్రంథాలయాలకు ప్రచురణకర్త 30 రోజుల్లో పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. మనలో చాలామంది పంపడం మానేశారు. పంపి ఉంటే, ఎప్పుడు వచ్చిందన్న దానికి అదే గట్టి సాక్ష్యం అయ్యేది.

ఆ తర్వాత రెండు పుస్తకాల ఇన్నర్ పేజీల ఫోటోలు, ఏ ముద్రణో, ఏ పేజీయో రాసుకుని, ఎడమవైపు ఒక పుస్తకం వాక్యాలు, కుడివైపు రెండోదాని వాక్యాలు పెట్టి పట్టిక తయారు చేసుకోవాలి. "చాలా చోట్ల కలుస్తోంది" అంటే ఎవరూ పట్టించుకోరు. పేజీ నంబర్లతో సహా చూపిస్తే పట్టించుకోక తప్పదు. ప్రూఫ్ రీడర్‌గా నా అనుభవంలో అందరికన్నా గట్టి సాక్షులు తప్పులు. సరైన సమాచారం ఇద్దరికీ విడివిడిగా దొరకొచ్చు. అచ్చుతప్పు, తప్పు సంవత్సరం, ఒకే చోట తప్పిపోయిన మాట, తారుమారైన తండ్రీకొడుకుల పేర్లు ఇద్దరికీ విడివిడిగా దొరకవు. ఉదాహరణల వరస కూడా చూడాలి. ఒకే విషయానికి వంద ఉదాహరణలు దొరికే చోట, ఇద్దరూ అవే ఆరు, అదే వరసలో ఇచ్చారంటే ఆలోచించాల్సిందే.

సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. తెలుగు పుస్తకాల విషయంలో దాన్ని నమ్ముకోవడానికి లేదు. మన పుస్తకాల్లో చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కట్టినవే. అది యూనికోడ్ కాదు కాబట్టి ఆ ఫైల్‌ను నేరుగా ఇస్తే సాఫ్ట్‌వేర్‌కు తెలుగుగా కనిపించదు. పాత పుస్తకాలేమో స్కాన్ చేసిన బొమ్మలు. ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేసి సొంత పేరు వేసుకుంటే మాటకు మాట పోల్చే యంత్రం పట్టుకోవడం ఇంకా కష్టం. ఇప్పుడు ఏఐకి ఇచ్చి వాక్యాలు తిరగరాయించుకుంటే మాటలు మారతాయి, వరస మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ వరసను పట్టుకోవడానికి రెండు పుస్తకాలూ చదివిన మనిషి కావాలి. అలాంటి మనిషి అంత శ్రమపడి మీకు ఉత్తరం రాశాడంటే ఉచితంగా మీకు ఎంతో మేలు చేసినట్టే.

ఫేస్‌బుక్ గురించి ఒక మాట. పరువు నష్టం ఇప్పటికీ నేరమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. కానీ నేను ఆగమనేది ఆ భయంతో కాదు. పట్టిక చూపించకుండా ఒక మనిషిని దొంగ అంటే, ఆ తర్వాత పోలికలు తప్పని తేలినా ఆ మాట వెనక్కి రాదు. రాసేవాడికి పేరు తప్ప ఏముంది? అసలు రచయిత బతికి ఉంటే మొదట చెప్పాల్సింది ఆయనకు. ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ఆయనది. తర్వాత ప్రచురణకర్తకు, అనుమానం ఉన్న రచయితకు కూడా ఒక ప్రతి పంపాలి. జవాబుకు గడువు ఇవ్వాలి. వాళ్లు పలకనప్పుడు నలుగురి ముందు పెట్టడంలో తప్పు లేదు, అది కూడా ఆధారాలతో. కానీ మొదటి మెట్టులోనే మనవాళ్లు ఆగిపోతున్నారు. రాద్దామంటే ఎవరికి రాయాలో తెలియదు.

బయట ఇది ఎలా జరిగిందో రెండు ఉదాహరణలు చూడండి. 2006 ఏప్రిల్‌లో, చెన్నైలో పుట్టి హార్వర్డ్‌లో చదువుతున్న కావ్యా విశ్వనాథన్ నవల అమెరికాలో లిటిల్ బ్రౌన్ సంస్థ ద్వారా వచ్చింది. పెద్ద అడ్వాన్స్, పెద్ద ప్రచారం. అందులోని భాగాలు మేగన్ మెకాఫర్టీ నవలల్లోవిలా ఉన్నాయని పాఠకులు గమనించి మెకాఫర్టీకే రాశారు. ఆవిడ తన ప్రచురణకర్తలకు చెప్పారు. ఏప్రిల్ 23న హార్వర్డ్ విద్యార్థుల పత్రిక రెండు పుస్తకాల్లోని భాగాలను పక్కపక్కన పెట్టి ప్రచురించింది. ఏప్రిల్ 27 నాటికి లిటిల్ బ్రౌన్ దుకాణాల నుంచి ప్రతులన్నీ వెనక్కి పిలిపించింది. మొదట సవరించి మళ్లీ వేస్తామన్నారు. మరికొన్ని పుస్తకాలతోనూ పోలికలు బయటపడ్డాక ఆ ఆలోచన మానుకున్నారు, రెండో పుస్తకం ఒప్పందమూ రద్దు చేశారు. రచయిత్రి తాను కావాలని చేయలేదన్నారు. అది నిజమో కాదో తేలేదాకా పుస్తకాన్ని అమ్ముతూ కూర్చోలేదు. నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క విషయం.

మన దేశంలోది ఇంకోటి. 1993లో పెంగ్విన్ ఇండియా నుంచి ఇంద్రాణి ఐకత్ గ్యాల్ట్సెన్ రాసిన ఇంగ్లీషు నవల ఒకటి వచ్చింది. విదేశాల్లో కూడా సమీక్షకులు మెచ్చుకున్నారు. తీరా చూస్తే అది ఎలిజబెత్ గూజ్ 1956లో రాసిన ఇంగ్లండ్ పల్లె కథ. పల్లె భారతదేశానికి వచ్చింది, పాత్రలకు మన పేర్లు, మన మతం వచ్చాయి. చాలా వాక్యాలు మాత్రం మారలేదు. దాన్ని పట్టుకున్నది గూజ్ నవల ముందే చదివి ఉన్న పాఠకులు. వృత్తి సమీక్షకులు దాటిపోయిన చోట అభిమాన పాఠకులు ఆగారు. పాఠకుడి ఉత్తరాన్ని తేలిగ్గా తీసుకోకండి అనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ కనిపించలేదు.

పరాయి కథను మన ఊరికి తెచ్చుకోవడం మనకు కొత్త కాదు, తప్పూ కాదు. నన్నయ నుంచి మొదలుకుని మన సాహిత్యం పెరిగిందే అలా. కానీ నన్నయ వ్యాసుడి పేరు దాచలేదు. శ్రీనాథుడు శ్రీహర్షుడి కావ్యాన్ని తెనిగించి, ఎలా తెనిగించాడో కూడా పుస్తకం చివర చెప్పుకున్నాడు. మూలం పేరు చెప్పడం వల్ల శృంగార నైషధం విలువ తగ్గలేదు. అందుకే "స్వేచ్ఛానువాదం", "అనుసరణ", "ఫలానా పుస్తకం ఆధారంగా" అన్న మాటలు వేయడానికి మన రచయితలు ఎందుకు జంకుతారో నాకు అర్థం కాదు. ఆరోగ్యం, వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఈ జంకు ఎక్కువ. మూలం హక్కుదారుడు బతికి ఉంటే, లేదా కాపీరైట్ గడువు మిగిలి ఉంటే, అనువాదానికి అనుమతి కూడా తీసుకోవాలి. అది వేరే బాధ్యత, దాన్నీ మీరే అడగాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో చాలా అపోహలున్నాయి. కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే హక్కు లేదనుకుంటారు, అది తప్పు. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఒక సాక్ష్యం మాత్రమే. ఐఎస్‌బీఎన్ ఉంటే రచయితెవరో తేలినట్టు కాదు, అది పుస్తకానికి ఇచ్చే నంబరు. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి ఉల్లంఘించినవారికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. రచయిత, లేదా వారసులు తాము ఉంటున్న ఊరికి సంబంధించిన జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చు, ప్రచురణకర్త ఊరికి వెళ్లక్కర్లేదు. 57వ సెక్షన్ రచయితకు తన పేరు మీద ఉన్న హక్కును కాపాడుతుంది. కాపీరైట్ అమ్మేసుకున్నా ఈ హక్కు పోదు. 2012లో చేసిన సవరణ తర్వాత, ఈ రాత మా నాన్నది అని చెప్పుకునే హక్కు వారసులకూ వచ్చింది.

ఇవన్నీ ఉన్నా, ఆ దారి పట్టేవాళ్లు అరుదు. అసలు ఎవరి రాత ఎక్కువగా పోతుందో ఆలోచించండి. పేరున్న రచయిత జోలికి ఎవరూ పోరు, వెంటనే దొరికిపోతారు. పోయేది సొంత డబ్బుతో 500 ప్రతులు వేసుకున్న మాస్టార్లవి, పాత భారతి మాసపత్రిక సంచికల్లో వ్యాసాలు రాసి పుస్తకం చేసుకోలేకపోయిన పండితులవి, వారపత్రికల్లో నాలుగు కథలు రాసి ఆగిపోయిన గృహిణులవి. మన చట్టంలో కాపీరైట్ రచయిత మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. 1923లో పోయిన కొమర్రాజు లక్ష్మణరావు గారి రాతలకు, 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి గారి రాతలకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. వాటిని ఎవరైనా మళ్లీ అచ్చు వేసుకోవచ్చు, వేయాలి కూడా. కానీ గడువు తీరడమంటే వాళ్ల పేరు తీసేసి మన పేరు వేసుకోవచ్చని కాదు. అలా వేసుకుంటే అడ్డుపడే వారసుడు ఉండకపోవచ్చు, దావా వేసే మనిషి ఉండకపోవచ్చు. అక్కడ ఆపగలిగింది ప్రచురణకర్త ఒక్కరే. మీకు రాయడానికి అసలు కారణం ఇదే.

విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే పుస్తకాలది కొంత వేరే దారి. మన విమర్శ గ్రంథాల్లో చాలా వరకు పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలే. వాటి విషయంలో యూజీసీ 2018 నిబంధనలు ఉన్నాయి. ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే చర్య మొదలవుతుంది. 40 శాతం లోపైతే 6 నెలల్లోగా సవరించి ఇవ్వాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. డిగ్రీ వచ్చేశాక బయటపడినా విశ్వవిద్యాలయంలోని అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్ విచారించాలి. సిద్ధాంత వ్యాసాలు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో అది ఉంటే పాఠకుడు కూడా తెరిచి చూసుకోవచ్చు. అలాంటి పుస్తకం మీద ఫిర్యాదు వస్తే మీరు చేయాల్సింది తేలికే. ఆ కాగితాలను విశ్వవిద్యాలయానికి కూడా పంపండి, వాళ్లు ఏం తేల్చారో కనుక్కోండి.

ఇక మిమ్మల్ని అడగదలచుకున్నవి.

ఇన్నర్ పేజీలో "ప్రతులకు" అని చిరునామా వేస్తారు కదా. దాని కిందే, "ఈ పుస్తకంలోని విషయాలపై అభ్యంతరాలుంటే" అని ఒక వాక్యం, ఒక మెయిల్ ఐడీ వేయండి. ఒక్క లైను. ఖర్చేమీ లేదు. ఆ మెయిల్ చూసే మనిషి ఎవరో సంస్థలో అందరికీ తెలియాలి.

ఉత్తరం వస్తే అందిందని వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో సర్దిచెప్పడం వద్దు. ఫోన్ మాటకు సాక్ష్యం ఉండదు, ఆరు నెలల తర్వాత ఎవరు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు. రచయితను వివరణ అడగండి, అదీ రాతలోనే. పదిహేను రోజులు గడువు చాలు. ఆయన చెప్పేది నిజంగా వినండి. ఆయన కూడా అదే మూలం చూసి ఉండొచ్చు, లేదా అసలు రచయిత అనుమతి తీసుకుని ముందుమాటలో చెప్పడం మర్చిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత రెండు పుస్తకాలూ ఈ వ్యవహారంతో సంబంధం లేని ఒకరి చేతిలో పెట్టండి. ఆ విషయం తెలిసిన రిటైర్డ్ లెక్చరరో, సీనియర్ సంపాదకుడో ఎవరైనా ఫరవాలేదు. రచయితకు స్నేహితుడు కాకూడదు, శత్రువూ కాకూడదు. చదివే శ్రమకు తగిన పారితోషికం ఇవ్వండి. ఈ పని ఉచితంగా చేయమంటే ఎవరూ శ్రద్ధగా చేయరు.

అది తేలేదాకా గోడౌన్‌లో ఉన్న ప్రతులు ఆపండి. ఇది మీకు నష్టమే, నాకు తెలుసు. 1000 ప్రతులు వేసి, అందులో సగం బాకీ మీద దుకాణాలకు పంపిన చిన్న ప్రచురణకర్తకు నెల రోజులు ఆపడం కూడా భారమే. కానీ మాస్టారి పుస్తకం విషయంలో రెండో ముద్రణ ఆగి ఉంటే, ఆ వెయ్యి ప్రతుల మీద తప్పు పేరు పడేది కాదు. ఆవిష్కరణ వాయిదా వేసుకోవచ్చు, అచ్చయి గ్రంథాలయాలకు వెళ్లిపోయిన పుస్తకాన్ని వెనక్కి తేవడం ఎవరి తరం?

కాపీ అని తేలితే ఎంత మేరకు అన్నదాన్ని బట్టి చేయాల్సింది ఉంటుంది. రెండు పేరాలకు మూలం చెప్పకపోతే ఒక సవరణ చీటీ సరిపోతుంది. "ఫలానా పేజీల్లోని భాగం ఫలానా వారి పుస్తకం నుంచి" అని అచ్చువేసి మిగిలిన ప్రతుల్లో అంటించండి, తర్వాతి ముద్రణలో సరిచేయండి. అధ్యాయాలకు అధ్యాయాలు తీసుకుని ఉంటే పుస్తకం వెనక్కి తీసుకోవాల్సిందే. రెండిట్లో ఏదైనా ఆ మాట నలుగురికీ తెలియాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలు కొన్న ప్రతులు ఏళ్ల తరబడి షెల్ఫుల్లో ఉంటాయి, రేపటి విద్యార్థి అక్కడే చదువుతాడు. ఆ చీటీ వాళ్లకూ చేరాలి. పుస్తకానికి అవార్డు వచ్చి ఉంటే ఇచ్చినవారికీ రాయండి. కాపీ కాదని తేలితే అది కూడా అంతే స్పష్టంగా చెప్పండి. అనుమానం మోసిన రచయితకు మీరు చేయగల న్యాయం అది.

ఒప్పందం సంగతి కూడా చూడండి. మనలో చాలామంది నోటిమాట మీదే పుస్తకాలు వేస్తారు. ఒక పేజీ కాగితమైనా రాసుకుని, ఇది నా సొంత రచన, ఇతరుల నుంచి తీసుకున్న భాగాలు ఇవీ అని రచయిత చేత సంతకం చేయించుకోండి. సంతకం పెట్టేటప్పుడు చాలామంది తమంతట తామే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటారు. చరిత్ర, పరిశోధన పుస్తకాలకు ఆధార గ్రంథాల జాబితా లేకపోతే వేయకండి. "పేజీలు పెరుగుతాయి" అని ఆ జాబితా తీసేయించిన సందర్భాలు నేను చూశాను. పేజీలు తగ్గించాల్సి వస్తే ప్రముఖుల అభినందన సందేశాలు తీసేయండి.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది. అప్పటికి మీలో ఎంతోమంది కొత్త పుస్తకాలు అచ్చుకు పంపుతారు. ఆ ఇన్నర్ పేజీలు ఇంకా డీటీపీలోనే ఉంటాయి. ఆ ఒక్క లైను ఈసారే వేయండి. ఫిర్యాదు పట్టిక ఎలా చేయాలో, సవరణ చీటీ ఎలా రాయాలో నమూనాలు కావాలన్నవారికి నేను తయారుచేసి ఇస్తాను, దానికి డబ్బు తీసుకోను. మాస్టారి పుస్తకానికీ కొత్త పుస్తకానికీ మధ్య నేను చేసిన పట్టికను ఆ ప్రచురణకర్తకు ఇప్పటికే పంపాను. ఆయన జవాబు ఇంకా రాలేదు. వస్తే, మాస్టారి అబ్బాయికి నేనే తీసుకెళ్లి ఇస్తాను.

నమస్కారాలతో,
ఒక ప్రూఫ్ రీడర్
విజయవాడ